ఏ.సి. ముందుగా ఎవరి గదికి?

మా రామతీర్థంలో ఒక గృహస్థు మూడు పడకగదులకు ఏ.సి.లు పెట్టించదలచి నన్ను సలహా అడిగారు. వృద్ధురాలైన వారి తల్లిగారు పడుకునేది రేకుల వసారాలో. ఆ వసారా ఆయన లెక్కలోనే లేదు!

గ్రీష్మంలో శీతలోపచారం ఆయుర్వేద సమ్మతమే. అది వృద్ధులకు, పసిబిడ్డలకు ముందుగా అందాలి. కొనుగోలు ఖర్చు ఒక్కసారిదే. కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. వాడకం పెరిగి శ్లాబు మారితే యూనిట్ ధర సైతం పెరుగుతుంది. కనుక ఒక్క గదికే అమర్చి, తల్లిగారి మంచం అందులో వేయించమన్నాను. 2020 నుండి కొత్త ఏ.సి.లు 24 డిగ్రీల వద్ద మొదలవుతున్నాయి. అంతకు తగ్గించనవసరం లేదు.

మన ఉక్కపోతలో వట్టివేళ్ల తడికలు అంతగా చల్లబరచవు. మిగిలిన గదులకు పైకప్పుపై తెల్లసున్నం, పడమటి కిటికీకి పందిరి, ఫ్యాను మేలు.

పాఠకులారా, బడ్జెట్ వేసే ముందు మీ ఇంట ఎవరెక్కడ పడుకుంటున్నారో ఒకసారి చూడండి.