ట్రాక్టరు ఇంజనునకు చలువ మేలు చేయునా?



దాళ్వా దమ్ములు సమీపించుచున్నవి. ఈ నెలలో మేము గ్రామములు తిరుగునపుడు, సంఘసభ్యులు పలువురు తమ ట్రాక్టర్ల నుండి థర్మాస్టాటును ఊడదీయించి యుండుట చూచితిమి. మఱికొందఱు దానికి బదులుగా తక్కువ వేడికే తెఱచుకొను రకమును పెట్టించిరి. ఇంజను ఎంత చల్లగా నుండిన అంతకాలము మన్నునని వారి వాదము. మేస్త్రీలును అదే చెప్పుచున్నారు. ఈ మాట మాకు సమ్మతము కాదు. దీనివలన సభ్యుల సొమ్ము చెడుచున్నది గనుక మా యభిప్రాయమును దాచక వ్రాయుచున్నాము.

థర్మాస్టాటు అనునది ఇంజను నుండి రేడియేటరునకు నీరు పోవు దారిలో నున్న చిన్న తలుపు. దాని గిన్నెలో మైనము వంటి పదార్థ ముండును. నీరు కాగినకొలది ఆ మైనము కరగి, ఉబ్బి, తలుపును త్రోయును. 82 డిగ్రీలని ముద్రయున్న తలుపు ఆ వేడికి తెఱచుకొన మొదలిడి, ఇంకొక 10, 15 డిగ్రీలు పెరుగునప్పటికి పూర్తిగా తెఱచుకొనును. అంతవరకు నీరు రేడియేటరునకు పోక ఇంజనులోనే తిరుగుచుండును. కావున ఇంజను మితిమీఱి చల్లబడకుండ చూచునది ఈ తలుపు. మితిమీఱి వేడెక్కకుండ కాపాడవలసినవి రేడియేటరు, ఫ్యాను, నీటిపంపు. ఈ భేదమును గ్రహింపకపోవుటయే చిక్కంతటికిని మూలము.

లోతు దమ్ములో కేజివీల్సుతో దున్నునపుడు వేడిముల్లు ఎఱ్ఱగీటు చేరెననుకొందము. అప్పటికి 82 డిగ్రీల తలుపును తెఱచియే యుండును, 71 డిగ్రీల తలుపును తెఱచియే యుండును. ఇక చల్లని రకము చేయు మేలేమి? పంటకాలువ పూడిపోయి చివరి భూములకు నీరందనపుడు తూము తలుపు పెఱికివైచిన నీరు వచ్చునా? ట్రాక్టరులో పూడిక యెచ్చటనున్నదో చూడుడు. కోతలలో పట్టిన ఊకయు గడ్డిదుమ్మును రేడియేటరు రెక్కల నడుమ అట్టకట్టి యుండును. ఫ్యాను బెల్టు వదులై యుండును. ఏండ్లతరబడి బోరునీరు పోయగా లోపల సున్నపు పెచ్చు కట్టి యుండును. రేడియేటరు మూత రబ్బరు చెడినచో లోపలి ఒత్తిడి నిలువక, నీరు తక్కువ వేడికే మరిగి పొంగిపోవును. ఈ మూత ఖరీదు స్వల్పము. దానిని మార్చినవారిని మాత్రము మేము కొద్దిమందినే చూచితిమి.

పైగా కొన్ని ఇంజనులలో ఈ తలుపు తెఱచుకొనునపుడే, ఇంజనులో నీరు తిరుగు అడ్డదారిని మూసివేయును. అట్టి దానిని పెఱికినచో కొంత నీరు రేడియేటరు ముఖము చూడకయే మరల ఇంజనులోనికి పోవును. చలువకని చేసిన పని వేడినే తెచ్చును.

ఇక చల్లని ఇంజను పడు పాట్లు. గోడలు చల్లగానున్న సిలిండరులో డీజిలు పూర్తిగా మండదు. మండని డీజిలు గోడల మీది ఆయిలు పొరను కడిగివైచి క్రిందికి జారును. అంతేకాదు, ఒక లీటరు డీజిలు మండినచో దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుట్టునని సభ్యులలో ఎందఱెఱుగుదురు? అందులో అధికభాగము పొగగొట్టమున పోయినను కొంత రింగులు దాటి ఆయిలు గదిలో చేరును. ఇంజను వేడిగానున్న ఆ యావిరి బయటికి పోవును. చల్లగానున్నచో అచ్చటనే నీరై, డీజిలులోని గంధకముతో ఆమ్లమై, ఆయిలును ముద్ద చేసి, లోహమును తినును.

మూడేండ్ల క్రిందట ఒక సభ్యుడు తన ట్రాక్టరు ఆయిలు చుక్క త్రాగుట లేదని మాతో సంతోషముగా చెప్పెను. గజకడ్డీ తీసి చూచితిమి. ఆయిలు పైగీటును దాటి యున్నది. పోయనిదే ఆయిలు పెరుగునా? వాసన చూడగా డీజిలు. ఆ బండి ఎరువు తోలకము, బస్తాల తోలకము తప్ప బరువు పని చేయునది కాదు. తలుపు తీసి రెండేండ్లయినది. మఱుసటి వేసవికి లైనర్లు, రింగులు మార్పించుటకు ఆయన అప్పు చేయవలసివచ్చెను. ఆ చెఱుపంతయు తలుపు లేమివలననే యని మేము ప్రమాణము చేయజాలము, నాజిల్ కారినను ఆయిలు పెరుగును. కాని ఇంజను ఒక్కనాడైనను సరిగా కాగి యుండలేదనుట నిశ్చయము.

71 డిగ్రీల రకమునకు కూడ ఒక చరిత్ర కలదు. పూర్వము శీతదేశములలో నీరు గడ్డకట్టకుండుటకు కలిపెడి మద్యసారము అల్పమైన వేడికే ఆవిరియై పోవునది గనుక ఆ రకము వాడెడివారు. తరువాత గ్లైకాలు వచ్చెను. ఆ యవసరము తీఱెను. ఇంగ్లాండులో 1940, 1950 దశకములలో కిరోసిను జాతి నూనెతో నడిచిన ట్రాక్టర్లకు చలువను ఆపుటకే రేడియేటరు ముందు తెరలుండెడివి.

ఎదుటి పక్షమున న్యాయము లేకపోలేదు. అధిక ఒత్తిడితో పనిచేయు పెట్రోలు కారు ఇంజను వేడికి టకటక కొట్టుచున్నపుడు, కొన్ని డిగ్రీలు తగ్గించిన ఆ చప్పుడు తగ్గవచ్చును. పందెపు కార్లవారు అందులకే చల్లని రకము పెట్టుదురు. కాని నేటి కార్లలో యంత్రమే వేడిని కొలిచి పెట్రోలు పోయును. ఇంజను ఇంకను చల్లగానున్నదని తోచినచో అధికముగా పోయును. దమ్ము చేయు డీజిలు ట్రాక్టరునకు ఆ పందెముతో పని లేదు.

తలుపు బిగిసిపోయి తెఱచుకొననపుడు మాత్రము దోషము దానిదే. పరీక్ష సులభము. దానిని దారముతో కట్టి, అడుగు తగులకుండ గిన్నెడు నీటిలో వ్రేలాడదీసి, ఉష్ణమాపకముంచి పొయ్యిపై కాచుడు. ముద్రలోనున్న వేడికి కదలి, నీరు మరుగునప్పటికి బాగుగా తెఱచుకొనినచో మంచిదే. లేనియెడల అదే అంకె గల క్రొత్తది వేయుడు. దాని వెల ఒకనాటి దమ్ము డీజిలు ఖర్చునకు చాల తక్కువ. పొలము నడుమ బిగిసినచో తీసివైచి ఇల్లు చేరుట తప్పు కాదు, మఱునాడే క్రొత్తది వేయవలయును. ఇంజను వేడిమీద నుండగా రేడియేటరు మూత తీయకుడు.

ఊడదీసిన తలుపు ఇంటిలో దాచియుంచినవారు దమ్ములకు ముందే దానిని సంఘ కార్యాలయమునకు తెచ్చినయెడల గిన్నెయు పొయ్యియు మేమే సిద్ధపఱచి పరీక్షించి యిత్తుము.