బిడ్డ వ్యాజ్యంలో వకీలు ఫీజు ఎవరిది?

వ్యాజ్యంలో ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చాడని మనవారి సామెత. అది పొలంగట్టు తగాదాలకు అతికే మాట. భార్యాభర్తలు విడిపోయి, బిడ్డ ఎవరివద్ద పెరగాలని వ్యాజ్యమాడేటప్పుడు ఆ ఏడుపులో మూడవ గొంతు కలుస్తుంది. వకీలుకు పోసే సొమ్ము చాలావరకు ఆ పసివాని చదువుకు దక్కవలసినదే గదా!

1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం ఈ సంగతి ఎరుగనిది కాదు. అక్కడ వకీలును నిలుపుకొనడం కక్షిదారుకు హక్కు కాదని 13వ సెక్షను చెబుతున్నది. ఉద్దేశం ఉదాత్తమే. ఆచరణలో అనుమతి కోరుతూ అర్జీ పడుతుంది, వకీలు వస్తాడు. ఒక పక్షాన వకీలు నిలిచిన తరువాత రెండవ పక్షం వట్టి చేతులతో నిలువగలదా?

ఆ ఖర్చు మాటకు 1955 నాటి హిందూ వివాహ చట్టం 24వ సెక్షనులో మంచి సమాధానమే ఉన్నది. భార్యకు గాని, భర్తకు గాని పోషణకూ వ్యాజ్యపు ఖర్చులకూ చాలినంత స్వంత ఆదాయం లేకపోతే రెండవవారిచేత ఇప్పించవచ్చు. అదీ తీర్పు తరువాత కాదు, వ్యాజ్యం నడుస్తూండగానే. నోటీసు అందిన 60 రోజులలో సాధ్యమైనంతవరకు ఈ అర్జీ తేల్చాలని 2001లో సవరించారు కూడా.

కాని ఈ ఆసరా ఆ చట్టం కింద నడిచే వ్యాజ్యాలకే. 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టం కింద బిడ్డకోసమే అర్జీ పెడితే, 49వ సెక్షను ఖర్చులను న్యాయమూర్తి విచక్షణకు వదలి ఊరకున్నది. ముందుగా ఇప్పించాలన్న స్పష్టమైన మాట అందులో లేదు. బిడ్డ అదే, తల్లిదండ్రులు వారే, కుటుంబ న్యాయస్థానమూ అదే. అర్జీ తలమీద చట్టం పేరు మారగానే పేదపక్షపు గతి మారుతున్నది!

ఎందరో తెలుగువారు కాపురముంటున్న కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. బిడ్డ సంరక్షణ వ్యాజ్యంలో ఉభయులకూ వకీలు అందేటట్లు చూడడం కోర్టు బాధ్యతేనని అక్కడి కుటుంబ చట్టం 3121వ సెక్షను శాసిస్తున్నది. ఆదాయాలూ అవసరాలూ చూచి, ఇవ్వగలవారిచేత ఇప్పిస్తారు, గెలుపోటములదాకా ఆగరు. రాజీకి అడ్డుపడి ఖర్చు పెంచినవారిని దండించడానికి 271వ సెక్షను విడిగా ఉన్నది. అవసరానికి ఇచ్చేది ఒకటి, నడవడికి విధించేది మరొకటి. ఈ విభజన నాకు నచ్చింది. మన సివిల్ ప్రొసీజర్ కోడులోని 35-ఏ సెక్షను, సాధారణ వ్యాజ్యాలలో అబద్ధపు, వేధింపు వాదానికి పరిహారం 3,000 రూపాయలు మించరాదంటున్నది. ఆ సొమ్ముకు నేడు జంకేవారెవరు?

మన దేశంలో స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టం ఇచ్చిన మాట నిజమే. అయినా రెండవ పక్షపు సంచి పెద్దదైనప్పుడు వాయిదాల లెక్క వేరుగా ఉంటుంది.

1890 నాటి చట్టంలో రెండు వాక్యాలు చేర్చడం పార్లమెంటుకు బరువైన పని కాదు. అంతవరకు, రజనీష్–నేహ వ్యాజ్యంలో 2020లో సుప్రీంకోర్టు భరణపు అర్జీలకు తప్పనిసరి చేసిన ఆస్తి అప్పుల ప్రమాణపత్రాలను బిడ్డ వ్యాజ్యాలలోనూ మొదటి వాయిదాకే తెప్పించుకొని, ఖర్చుల సంగతి అప్పుడే తేల్చడానికి కుటుంబ న్యాయమూర్తులకు అడ్డేమీ నాకు కనబడదు.