ఫ్యాన్లు వాయిదాల మీద ఇవ్వండి, బిల్లులో పట్టుకోండి



బిల్లు తగ్గాలంటే ఇంట్లో ఏం మార్చాలి, పెట్టిన డబ్బు మళ్లీ చేతికొస్తుందా అని అనుకోని ఇల్లు లేదు. అన్నీ గిట్టవు. కొన్ని మాత్రం అప్పు చేసి కొన్నా గిట్టుతాయి.

సీలింగు ఫ్యాను సంగతి చూడండి. మన ఇళ్లలో తిరిగే పాత ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. అదే గాలిని బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాను 30 వాట్లతో ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగే హాల్లో ఫ్యానును మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఆ యూనిట్లు ఏ శ్లాబులోంచి తగ్గుతాయన్నదే అసలు కిటుకు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిటు రూ.1.90, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, అది దాటితే 400 దాకా రూ.8.75. ఆదా అయ్యేది ఎప్పుడూ పై శ్లాబు యూనిటే. 250 యూనిట్లు కాల్చే ఇంట్లో నెలకు 175 రూపాయలు తగ్గుతుంది. ఫ్యాను మూడు వేలనుకున్నా, చలికాలం తీసేసినా, రెండేళ్లలోపే సొమ్ము తిరిగొస్తుంది. అరవై డెబ్బై యూనిట్ల ఇంట్లో యూనిటు మూడు రూపాయలే కాబట్టి నాలుగేళ్లు దాటుతుంది. ఎప్పుడో పావుగంట తిరిగే వంటగది ఫ్యానును మారిస్తే ఎన్నటికీ రాదు. దాని జోలికి పోవద్దు.

ఏసీ విషయంలో షాపువాడి మాట వినేముందు కాస్త ఆగండి. లేబులు మీద రాసే ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి కట్టిన లెక్క. ఏప్రిల్, మే రాత్రుళ్లు మాత్రమే వేసుకునే ఇంట్లో 500 గంటలు కూడా నడవదు. అలాంటి ఇంటికి త్రీ స్టార్ చాలు. ఫైవ్ స్టార్‌కు అదనంగా పోసిన ఎనిమిది, పది వేలు పదేళ్లయినా తిరిగి రావు. ఇక ప్లగ్గులో పెడితే బిల్లు సగమైపోతుందని సంతల్లో అమ్మే డబ్బాలున్నాయే, అవి శుద్ధ మోసం.

మేడ మీద పోర్షన్‌లో ఉండేవాళ్ల బాధ వేరు. పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండైనా వేడి కక్కుతూనే ఉంటుంది, ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. వాళ్లకు ముందు కావలసింది తెల్లటి డాబా. సున్నంలో కాస్త జిగురు కలిపి మార్చిలో రెండు కోటింగులు వేయిస్తే గదిలో వేడి రెండు మూడు డిగ్రీలైనా దిగుతుంది. వానలకు పోతుంది, ఏటా వేయించుకోవాలి. కూల్ రూఫ్ పెయింటు అయితే ఖర్చెక్కువ గానీ కొన్నేళ్లు నిలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్లకు దాన్ని తప్పనిసరి చేసింది. చిన్న ఇళ్లవాళ్లకు ఇష్టమైతేనే. ఎండ దెబ్బ ఎక్కువ తగిలేది మాత్రం ఆ చిన్న ఇళ్లకే.

లెక్క ఇంత తేలిగ్గా ఉంటే జనం ఎందుకు మార్చడం లేదు? అద్దె ఇంట్లో బిల్లు కట్టేది ఒకరు, ఫ్యానూ డాబా ఇంకొకరివి. ఓనరుకు లాభం లేదు, అద్దెకున్నవారికి రేపు ఖాళీ చేస్తామన్న భయం. సొంత ఇల్లున్నా నెలాఖరున మూడు వేలు ఒక్కసారే తీయడం ఎందరికి కుదురుతుంది? ఫ్యాను కాలిపోతే నాలుగైదు వందలిచ్చి రీవైండింగు చేయించుకుంటాం, మళ్లీ ఆ 75 వాట్లే.

దీనికి దారి మనం ఇదివరకే చూశాం. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోని కొన్ని జిల్లాల్లో పాత బల్బు ఇస్తే పది రూపాయలకు ఎల్‌ఈడీ బల్బు ఇచ్చారు. తర్వాత దేశమంతటా బిల్లులో నెలకు పది రూపాయల వాయిదాతోనూ ఇచ్చారు. లక్షల్లో ఒక్కసారే కొనడంతో 2014లో 310 రూపాయలున్న సేకరణ ధర 2016 నాటికి 38 రూపాయలకు దిగింది. బల్బుకు చేసింది ఫ్యానుకు ఎందుకు చేయరు?

డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) టోకున ఫ్యాన్లు కొని, పాతది తీసుకుని కొత్తది ఇవ్వాలి. నెలకు వంద చొప్పున బిల్లులో పట్టుకుంటే ఆరు రూపాయల శ్లాబులో ఉన్నవారికి మిగిలేది నూట ఇరవై, అంటే మొదటి నెల నుంచే బిల్లు తగ్గుతుంది. చిన్న బిల్లులవారికి వాయిదా యాభైకి మించకూడదు. వాయిదా సర్వీసు నంబరు మీద ఉండాలి, మనిషి పేరు మీద కాదు. అప్పుడు ఇల్లు ఖాళీ చేసినవారి వెంట అప్పు పడదు, ఫ్యాను వాడుకునేవారే కడతారు. అద్దెకిచ్చే యజమానులారా, ఏటా ఒకసారి డాబాకు తెల్ల సున్నం మీ ఖర్చుతో వేయించండి.

ఏటా నవంబరు ఆఖరుకు డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ, వ్యయాల నివేదికను విద్యుత్ నియంత్రణ మండలికి ఇస్తాయి. దాని మీద అభ్యంతరాలు, సూచనలు ఎవరైనా రాసి పంపవచ్చు, బహిరంగ విచారణకు వెళ్లి మాట్లాడవచ్చు. లాయరు అక్కర్లేదు. ఈ ఏడాది మీ వీధి నుంచి ఒక్క కాగితమైనా వెళ్లాలి: మీ సర్వీసు నంబరు వేసి, ఫ్యాన్లు వాయిదాల మీద ఇవ్వమని రాసి సంతకం పెట్టండి.

ఇట్లు,
మీ తోటి విద్యుత్ వినియోగదారులు