పాట కావాలి, పాడేవాడు వద్దా?



పోయినసారి నేను ఈ గోడపత్రికలో చేతులు కడిగే చోట కుళాయి గురించి రాశాను. కుళాయి బాగయింది, అందుకు వార్డెన్ సారుకు కృతజ్ఞతలు. ఈసారి పాటల గురించి రాస్తున్నాను. ముందు లండన్ దాకా వెళ్ళి తర్వాత మన హాస్టలుకే తిరిగి వస్తాను. కొంచెం పొడుగైంది, మధ్యలో ఒగ్గేయకుండా చదవండి.

మొన్న రెండో శనివారం సోషల్ సారు పదో తరగతి వాళ్ళకి ఒక డాక్యుమెంటరీ సినిమా చూపించారు. దాని పేరు ‘వైట్ రయట్’. రుబికా షా అనే ఆవిడ 2019లో తీశారు. ఇంగ్లీషు మాకు సగం అర్థం కాలేదు. సారు ఆపి ఆపి చెప్పారు. తర్వాత నేను స్టాఫ్ రూముకి రెండుసార్లు వెళ్ళి మిగతాది కూడా అడిగి రాసుకున్నాను.

ఇంగ్లాండులో ఎరిక్ క్లాప్టన్ అని చాలా పేరున్న గిటారు వాద్యకారుడు ఉన్నారు. ఆయన నేర్చుకున్న సంగీతం అమెరికాలో నల్లజాతి వారిది, దాన్ని బ్లూస్ అంటారు. జమైకా దేశపు నల్లజాతి గాయకుడు బాబ్ మార్లే రాసిన పాటను 1974లో ఈయన మళ్ళీ పాడితే అది అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అలాంటి మనిషి 1976 ఆగస్టు 5న బర్మింగ్‌హామ్‌లో కచేరీ చేస్తూ, తాగిన మైకంలో, వేదిక మీద నుంచే బయటి దేశాల వాళ్ళను పంపించెయ్యాలని అన్నాడు. ఈనాక్ పవెల్ అనే రాజకీయ నాయకుడిని బలపరచమని కూడా చెప్పాడు. ఆ పవెల్ 1968లో, అదే బర్మింగ్‌హామ్‌లో, వలస వచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా పెద్ద ఉపన్యాసం ఇచ్చినవాడు. (ఆ మాటలకు సిగ్గుపడుతున్నానని క్లాప్టన్ 2018లో చెప్పారు. అది కూడా రాయకపోతే అన్యాయం.)

ఇక్కడ సారు సినిమా ఆపి మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. “వాళ్ళ పాట వాడుకుని పెద్దవాడయ్యాడు, వాళ్ళ మనుషుల్ని మాత్రం వద్దన్నాడు. ఇలాంటిది మీరెక్కడైనా చూశార్రా?” క్లాసులో ఎవ్వరూ మాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. కాని నాకు పోయినేడు మన స్కూలు వార్షికోత్సవం గుర్తొచ్చింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

క్లాప్టన్ మాటలకు రెడ్ సాండర్స్ అనే ఫోటోగ్రాఫరు, ఆయన స్నేహితులు కలిసి సంగీత పత్రికలకు ఒక ఉత్తరం రాశారు. మీ సంగీతంలో సగం నల్లవాళ్ళదే కదా అని అడిగి, జాత్యహంకారానికి ఎదురుగా నిలబడేవాళ్ళు మాతో కలవండి అన్నారు. వందల్లో జవాబులు వచ్చాయి. ‘రాక్ ఎగైనెస్ట్ రేసిజం’ అనే ఉద్యమం అలా పుట్టింది. మొదటి కార్యక్రమం 1976 నవంబరులో తూర్పు లండన్‌లో ప్రిన్సెస్ ఆలిస్ అనే ఒక పబ్బులో జరిగింది. వాళ్ళు ఒక పత్రిక కూడా పెట్టారు. కత్తిరించి అతికించి చేసిన పత్రిక, విప్పితే గోడకు అంటించుకునే పోస్టరు అయ్యేది. అంటే అది కూడా మన గోడపత్రికకు అన్నలాంటిదే!

వాళ్ళ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకే రాత్రి, ఒకే వేదిక మీద తెల్లవాళ్ళ పంక్ బ్యాండు, నల్లవాళ్ళ రెగే బ్యాండు రెండూ ఉండాలి. పంక్ అంటే గిటారు మీద రెండు మూడు పట్లు వస్తే చాలు, గట్టిగా అరిచి పాడేది. రెగే అంటే జమైకాలో పుట్టిన సంగీతం, ఊగుతూ నడుస్తున్నట్టు ఉంటుంది. ఆఖర్న అందరూ కలిసి ఎక్కి ఒకే పాట వాయించాలి. చూడటానికి వచ్చిన కుర్రాళ్ళలో చాలామందికి అవతలివాళ్ళ సంగీతం ఎదురుగా వినడం అదే మొదటిసారి.

1978 ఏప్రిల్ 30న ఒక పెద్ద సభ పెట్టారు. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి విక్టోరియా పార్కు దాకా ఊరేగింపు. హిట్లరు బొమ్మ తలకాయ, నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ నాయకుల తలకాయలు కాగితపు గుజ్జుతో పెద్దపెద్దవి చేసి మోసుకెళ్ళారు. పార్కుకు చేరింది 80 వేల నుంచి లక్ష మంది వరకు అంటారు. ‘ది క్లాష్’ అనే బ్యాండు పాడింది. ‘స్టీల్ పల్స్’ అనే నల్లవాళ్ళ బ్యాండు పాడింది. వాళ్ళకు అమెరికాలో నల్లవాళ్ళను చంపిన ముసుగు ముఠా మీద ఒక పాట ఉంది. ఆ పాటకి అదే తెల్ల ముసుగులు వేసుకుని నిలబడేవారు. పోలీ స్టైరీన్ అనే అమ్మాయి కూడా పాడింది. ఆమె తండ్రి సోమాలియా, తల్లి బ్రిటిష్. పళ్ళకి తీగ కట్టుకుని, ఎవరేమనుకుంటే నాకేటి అన్నట్టు పాడుతుంది. సినిమాలో నాకు అందరికన్నా ఆమే నచ్చింది.

ఇంతవరకు చదివి “ఓహో, పాట పాడితే జాత్యహంకారం పోయింది” అని అనుకోకండి. పోలేదు. ఆ సభ అయిన నాలుగో రోజునే, 1978 మే 4న, తూర్పు లండన్‌లోనే అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశ్ యువకుణ్ణి చంపేశారు. బట్టల కార్ఖానాలో పని చేసుకుని ఇంటికి వెళ్తుంటే ముగ్గురు కుర్రాళ్ళు పొడిచారు. లక్ష మంది పాడిన పార్కు అక్కడికి కొద్ది మైళ్ళే. మే 14న సుమారు ఏడు వేల మంది అతని శవపేటిక వెనుక ప్రధానమంత్రి ఇంటి దాకా నడిచారు. అతన్ని చంపిన చోటు పక్కన ఉన్న పార్కుకు 1998లో అల్తాబ్ అలీ పార్కు అని పేరు పెట్టారు.

ఇంకొకటి కూడా ఉంది. 1978 సెప్టెంబరు 24న దక్షిణ లండన్‌లో బ్రాక్‌వెల్ పార్కులో రెండో పెద్ద సభ. సరిగ్గా అదే రోజు నేషనల్ ఫ్రంట్ వాళ్ళు తూర్పు లండన్‌లో, బెంగాలీలు ఉండే బ్రిక్ లేన్ వైపు ఊరేగింపు తీశారు. అందరూ పాటలకి వెళ్ళిపోతే అక్కడ అడ్డుపడ్డానికి మనుషులు చాల్లేదు. దీనిమీద ఉద్యమంలోనే గొడవైంది. నాకు ఇది చాలా పెద్ద తప్పుగా కనిపిస్తున్నది. ఎవరి కోసం పాడుతున్నామో వాళ్ళ వీధిలో లేకుండా వేరే చోట పాడితే ఏం లాభం?

సోషల్ సారు దీనికి ఒప్పుకోలేదు. 1979 ఎన్నికల్లో నేషనల్ ఫ్రంట్ 303 మందిని నిలబెడితే ఒక్కరికీ డిపాజిట్ దక్కలేదని, కుర్రాళ్ళను ఆ పార్టీ వైపు పోకుండా ఆపడంలో ఈ పాటలకు చాలా భాగం ఉన్నదని చెప్పారు. మరి వలసల మీద కఠినంగా మాట్లాడి థాచర్ గారు కూడా ఆ ఓట్లు లాక్కున్నారని మీరే అన్నారు కదా సారూ అని అడిగాను. “రెండూ నిజమేరా” అన్నారు. సరే, రెండూ నిజమే అనుకుందాం.

కాని నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. వీధుల్లో ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్ళలో బెంగాలీలు, పంజాబీలు, పాకిస్తానీలు ఉన్నారు. వేదిక మీద మాత్రం ఎక్కువగా పంకూ, రెగేయే. మన వైపు దేశాల డోలు అక్కడ ఎందుకు మోగలేదు? 1979లో ‘ఏలియన్ కల్చర్’ అని పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్ళ బ్యాండు ఒకటి వచ్చింది, వాళ్ళు కూడా పంకే వాయించారు. అంటే మంచి పని చేసేవాళ్ళ దగ్గర కూడా ఒకరి పాట మిగిలిపోతుందన్నమాట.

ఇప్పుడు మన హాస్టలు.

పోయినేడు వార్షికోత్సవంలో గేటు దగ్గర నుంచి స్టేజీ దాకా థింసా ఆడుతూ అతిథుల్ని తీసుకొచ్చింది మేమే. ఎండలో గంటన్నర నిలబడ్డాం. ఆట చూసి ఒక పెద్దాయన చాలా బాగుందని సెల్లులో ఫోటోలు తీసుకున్నారు. తర్వాత మా ముందరే పక్కన ఉన్నవాళ్ళని “వీళ్ళకి తెలుగు సరిగ్గా వస్తుందా?” అని అడిగారు. నలుగురు నవ్వారు. నేను అప్పుడు తలకు కట్టిన తలపాగా విప్పుతున్నాను. ఆయన ఎవరో రాయను, ఆయనకి చెడు ఉద్దేశం లేకపోవచ్చు కూడా. మేము దుస్తులు మార్చుకుని వచ్చేసరికి ముందు కుర్చీలు అయిపోయాయి, ఆఖర్న నేల మీద కూర్చున్నాం. స్టేజీ మీద మిగతావన్నీ సినిమా పాటలకి డాన్సులే. మన ఆట దారి చూపించడానికి పనికొచ్చింది, స్టేజీ మీదకి పనికి రాలేదు.

ఇది రాసి ఊరుకుంటే నేను దొంగనవుతాను. ఎందుకంటే మా రూములో కోదుల తమ్ముడు ఒకడు, ఆరో తరగతి, వచ్చిన కొత్తలో రాత్రి లైట్లు ఆర్పేక వాళ్ళ కువి భాషలో పాట పాడుకునేవాడు. ఇంటి మీద బెంగ. ఒక రాత్రి నేను దుప్పట్లోంచి వాడి గొంతు అనుకరించి అదే పాటను వెక్కిరించాను. రూమంతా నవ్వింది. మర్నాటి నుంచి వాడు పాడలేదు. ఇప్పటికి అయిదు నెలలు. థింసా ఆడేవాణ్ణి కదా, నన్ను చూసి ఎవరో నవ్వితే నెప్పి పుట్టిందే, మరి నేను చేసిందేటి? లండన్ సినిమా చూస్తుంటే క్లాప్టన్ కన్నా ముందు నాకు నేనే కనిపించాను. మన హాస్టల్లో భగత, కొండదొర, పోర్జ, గదబ, కోదు, వాల్మీకి అందరం ఉన్నాం. బయటివాళ్ళు మనందర్నీ కలిపి ఒకే మాట అంటారు, మనం లోపల ఒకరి యాసను ఒకరం అంటాం.

అందుకని వార్డెన్ సారుకి, హెచ్.ఎం. సారుకి నా మనవి. ఈ ఫిబ్రవరి వార్షికోత్సవంలో థింసాను గేటు దగ్గర కాకుండా స్టేజీ మీద పెట్టండి. అతిథులకి పూలు ఇచ్చి తీసుకురావడానికి స్కౌట్స్ ఉన్నారు. ఒక్కో భాష నుంచి ఒక్కో పాట ఉండాలి. పాడే ముందు ఆ పాట ఏ ఊరిదో, ఏ పండుగదో, పాడేవాడే మైకులో చెప్పాలి. ఆఖరి అంశం ఆ లండన్ వాళ్ళ పద్ధతిలోనే, అందరం కలిసి. తుడుము, డప్పు, మోరి, కిరిడి, సినిమా పాటల వాళ్ళ కీబోర్డు కూడా. సినిమా పాటలు తీసెయ్యమని నేను అనడం లేదు, నాకూ ఇష్టమే. ఆడినవాళ్ళకి ముందు వరసలో పది కుర్చీలు ఉంచితే చాలు.

“అన్నీ కలిపితే గోలగా ఉంటుంది” అని మా క్లాసు లీడరు అంటున్నాడు. ఉంటుంది. అందుకే ప్రాక్టీసు కావాలి, స్టడీ అవర్ కాకుండా ఆదివారం పూట గంట అడుగుతున్నాం.

కోదుల తమ్ముడికి నేను సారీ చెప్పాను. వాడు తల ఊపాడు గాని పాడతానని మాత్రం అనలేదు. నేను మళ్ళీ అడగలేదు, వాడిష్టం. వాడి పేరు లిస్టులో ఖాళీగా ఉంచాను.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళేవాళ్ళు ఎవరింట్లోనైనా మోరి ఉంటే తాతనో మామనో అడిగి తీసుకురండి, జాగ్రత్తగా తిరిగి ఇస్తామని చెప్పండి. మన దగ్గర డప్పులు రెండున్నాయి, ఒకటి తోలు చిరిగింది. మోరి ఊదడం వచ్చినవాళ్ళు ఇంతవరకు ఒక్కరే దొరికారు. ఇంకెవరికైనా వస్తే ఆదివారం టిఫిను అయ్యాక నీళ్ళ ట్యాంకు దగ్గరికి రండి.

ఇట్లు,
పదవ తరగతి ‘బి’ విద్యార్థి, రూము నంబరు 4