టైమెంతమ్మా?

మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ వీడియో మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటుంది. 2025 మే, కొరియాలోని గుమి. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ గెలిచింది. వానకి గ్యాలరీలు దాదాపు ఖాళీ. పోడియం మీద కళ్లు తుడుచుకుంటోంది. "అయ్యో పాపం" అంటూ నేనూ నాలుగు గ్రూపులకి పంపాను.

"టైమెంతమ్మా?" అంది మా అమ్మాయి, నా భుజం మీంచి చూస్తూ.

తెలీదు. పంపినవాళ్లెవరూ రాయలేదు మరి! వెతికితే 12.96 సెకన్లు, ఛాంపియన్‌షిప్ రికార్డు. వరసగా రెండో స్వర్ణం. పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పోటీలో పరుగెత్తిన మొదటి భారతీయురాలూ తనే. నేను పంచింది మాత్రం కన్నీళ్లే.

దానికి ఇవన్నీ కావాలి. ఇక్కడి క్లబ్‌లో హర్డిల్స్ నేర్చుకుంటోందిగా. 2023లో మన లిమరిక్ సారా లావిన్ బుడాపెస్ట్‌లో పరుగెత్తిన 12.62 నోటికొచ్చు. "జ్యోతక్క బెస్ట్ 12.78. అంతే తేడా!" అంది.

దాని ప్రాక్టీస్‌కి వెళ్తే వాన వంకతో నేను కార్లోనే కూర్చుని ఫోన్ చూసుకుంటాను. ఈ ఆదివారం దిగాను. ఐర్లండ్ గాలి సంగతి మీకు తెలుసుగా, గొడుగు తిరగబడింది. తడుస్తూనే చప్పట్లు కొట్టాను.

"అది సరేగానీ, టైమ్ చూశావా?" అంది.