సాగాల్సింది చర్మం ఒక్కటేనా?

"పెండ్లయి పిల్లలు పుట్టినంక గిప్పుడు గీ సోకెందుకు?"

చొప్పదండిలో మాకు తెలిసిన ఒకావిడకు అత్తగారి నుంచి వచ్చిన జవాబిది. చిన్నప్పుడు మరుగుతున్న నీళ్లు మీద పడి ఆమె తల ఒక పక్క కాలిపోయింది. పుండు మానింది గానీ అక్కడ మళ్లీ వెంట్రుక మొలవలేదు. ఎండాకాలమైనా, పెళ్లిపందిరైనా తలమీది కొంగు జారకుండా చూసుకోవడమే ఆమె బతుకైపోయింది. పట్నంపోయి ఆపరేషన్ చేయించుకుంటానంటే అది సోకట!

ఇంతకీ ఆ వైద్యమేమిటి? మచ్చ పక్కనున్న మంచి చర్మం కింద చిన్న సిలికాన్ బుడగ అమరుస్తారు. కుట్లు మానాక వారానికోసారి సన్నటి సూదితో అందులోకి సెలైన్ ఎక్కిస్తారు. రెండు మూడు నెలలకు పైచర్మం పెరుగుతుంది. అప్పుడు బుడగ తీసేసి, మచ్చ కోసేసి, పెరిగిన చర్మాన్ని అక్కడికి జరిపి కుడతారు. 1957లో న్యూమన్ అనే అమెరికా డాక్టరు చెవి సరిచేయడానికి ఈ పద్ధతి వాడాడు. 1970లలో రాడోవన్ అనే డాక్టరు క్యాన్సర్‌తో రొమ్ము పోయిన స్త్రీలకు దీన్ని ఉపయోగించాక బాగా వాడుకలోకొచ్చింది.

మనకిదేం వింత కాదు. కడుపుతో ఉన్నప్పుడు మన పొట్ట చేసే పనే ఇది. చర్మం ఊరికే సాగదు, కొత్త కణాలు పుడతాయి. పైపొర కాస్త మందమవుతుంది. లోపొర, దాని కింది కొవ్వు పలచబడతాయి. బుడగ చుట్టూ ఒక పొర కడుతుంది, రక్తనాళాలు పెరుగుతాయి. అందుకే జరిపిన చర్మం బతుకుతుంది. వెంట్రుకల కుదుళ్లు మాత్రం కొత్తగా పుట్టవు, ఉన్నవే ఎడంగా సర్దుకుంటాయి. తొడమీది చర్మం తెచ్చి అతికితే తలలో జుట్టు రాదు కదా!

అయితే తొందర పనికిరాదు. ఒకేసారి ఎక్కువ ఎక్కిస్తే రక్తం అందక చర్మం చచ్చిపోవచ్చు. చీము పడితే బుడగ తీసేయాల్సి రావచ్చు. అందుకే వారం వారం డాక్టరు చూడాలి. కష్టమంతా ఇక్కడే. తలమీద బుడిపెతో బస్సెక్కి హైదరాబాద్ ఎన్నిసార్లు తిరగాలి? తోడెవరు? పిల్లలకు వండేదెవరు? మగవాడి కాలు విరిగితే ఇల్లంతా కదులుతుంది. ఆడదాని మచ్చకు మాత్రం "సర్దుకుపో" అంటారు.

ఆపరేషన్ పట్నంలో జరిగినా, సెలైన్ ఎక్కించే పని దగ్గర్లో ఎందుకు జరగకూడదు? 2023లో కరీంనగర్‌కు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఆపరేషన్ చేసిన డాక్టరు ఎప్పుడు, ఎంత ఎక్కించాలో రాసిస్తే, శిక్షణ పొందినవారు ఇక్కడే ఆ పని చేయొచ్చు. ఇబ్బంది కనిపిస్తే వెంటనే పట్నం పంపొచ్చు. ఆ ఏర్పాటు అడగాల్సింది మనమే.

అంతకన్నా ముందు ఇంట్లో ఒక మాట మారాలి. ఆమె అడిగేది అందం కాదు, కొంగు తీసి నలుగురిలో నిలబడే ధైర్యం. నెమ్మదిగా, ఓపిగ్గా చూసుకుంటే చర్మమే పెరుగుతుంది. మరి మన మనసులో?