ఇట్లు, విధేయుడు

మా వీధి కుర్రవాడొకడు ఇంటర్మీడియట్ ముగించి పొరుగు రాష్ట్రపు కళాశాల ఒకదానికి దరఖాస్తు పెట్టుకొన్నాడు. తండ్రి అప్పుచేసి తెచ్చిన రుసుము బ్యాంకు ఖాతానుండి పోయినదే గాని, కళాశాలవారి జాబితాలో 'చెల్లించలేదు' అనియే కనబడుచున్నది. గడువు ఇక రెండు దినములు. వాడు ఇంగ్లీషున పంపిన ఈమెయిలును నాకు చూపినాడు. దాని తెలుగు ఇది: "సర్, నా ఫీజు సంగతి ఏమైంది? త్వరగా చెప్పండి." అంతే. పేరు లేదు, దరఖాస్తు సంఖ్య లేదు. పంపినవాడు ఫలానా సినిమా కథానాయకుని వీరాభిమాని యని మాత్రము ఈమెయిలు చిరునామావలన తెలియుచున్నది.

మందలింపబోయి ఆగినాను. వీనికి ఎవరు నేర్పినారు? బడిలో పిల్లలు వ్రాసెడి లేఖ ఒక్కటే: జ్వరము వచ్చినది, సెలవు ఇప్పింపుడు. (ఆ జ్వరము మన బడులలో తరతరములుగా తగ్గనే లేదు.) "మర్యాదగా వ్రాయి నాయనా" అన్నాను. ఏ కృత్రిమ మేధను అడిగినాడో, క్షణములో పుటెడు లేఖ తెచ్చినాడు. కళాశాల కీర్తి, తన వినయము, వేడికోలు అన్నియు కలవు. దరఖాస్తు సంఖ్య ఇందులోను లేదు!

మనము మర్యాదను దైన్యముతో కలగలిపినాము. పూర్వము మ.రా.రా.శ్రీ అని మొదలై, ఉభయకుశలోపరి అని సాగిన లేఖలలో ఎదుటివానియెడ మన్నన ఉండెడిది. నడుము వంగనిదే కాగితము కదలదన్న నమ్మకము మాత్రము కచేరీ అర్జీలు మనకు అంటించినది. నా ఎరుకలో మర్యాద యనగా చదువువాని శ్రమ తగ్గించుట. ప్రవేశముల వేళ గుమాస్తా ముందు ఎన్నో ఉత్తరములు పడియుండును. దరఖాస్తు సంఖ్యయు, రశీదు రాలేదన్న మాటయు శీర్షికలోనే ఉన్నచో విప్పకమునుపే సంగతి బోధపడును. తరువాత ఎవరు, ఏనాడు, ఎంత చెల్లించినది, బ్యాంకు లావాదేవీ సంఖ్య, కావలసినదేమి. ఐదు వాక్యములు చాలును. పేరు పదవ తరగతి పత్రములో నున్నట్లే ఉండవలెను. ఇంటిపేరు ముందు పెట్టుకొను మనవారి పేర్లు పరరాష్ట్రపు జాబితాలలో తలక్రిందులగుట కద్దు.

చదువుకొన్న ఇంటి పిల్లవానికి తండ్రియో మేనమామయో దిద్దిపెట్టును. కచేరీ ముందటి చెట్టుక్రింద అర్జీలు వ్రాయువానికి డబ్బిచ్చి పని గడుపుకొన్న తండ్రి కొడుకునకు ఎవరున్నారు? కావుననే ఇది బడి చేయవలసిన పని. పదవ తరగతి దాటకమునుపే ప్రతి విద్యార్థియు నిజముగా ఒక కార్యాలయమునకు లేఖ వ్రాసి, జవాబు తెప్పించుకొనవలెను. మన ప్రభుత్వ కళాశాలలకైనను అది తెలుగులో వ్రాయు వీలుండవలెనని నా పట్టు.

మూడవ లేఖ ఆ రాత్రియే వెళ్ళినది. మరునాటి మధ్యాహ్నము జవాబు వచ్చినది: "సరిచేయబడినది." సంబోధన లేదు, సంతకము లేదు.

"తాతగారూ, వీరికెవరు నేర్పుతారండీ?" అన్నాడు వాడు.

"కృతజ్ఞతలు వ్రాసినావా?" అన్నాను.

వ్రాయుటకు కూర్చున్నాడు.